ఆళ్వారుస్వామి నవలా సామగ్రి

నవల వ్రాయదలచినవానికి ఏమేమి కావలెనను ప్రశ్నను సాహిత్య విద్యార్థులు తరచుగా అడుగుచుందురు. కథావస్తువు కావలెను, చదివి నేర్చుకొనుటకు మంచి గ్రంథములు కావలెను, వ్రాయుటకు తీరిక కావలెను, వ్రాసినదానిని దిద్దుకొను నేర్పు కావలెను, అచ్చువేయువాడును, కొని చదువువాడును కావలెను. వీనిలో ఒక్కటియు పుట్టుకతో అబ్బని మనుష్యుడొకడు తెలంగాణ ప్రజాజీవితమును నవలగా మలచి పేరుపొందెను. ఆయన వట్టికోట ఆళ్వారుస్వామి.

నల్లగొండ జిల్లా నకిరేకల్లు ప్రాంతమున, చెరువు మాదారము అను పల్లెలో 1915వ సంవత్సరమున ఆయన జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. బడికి పోవలసిన ఈడున ఒక ఉపాధ్యాయుని ఇంట వంటపనికి కుదిరి, ఆ వంట చేయుచునే ఆయన వద్ద చదువు నేర్చుకొనెను. కొంతకాలమునకు బెజవాడ చేరి హోటలులో సర్వరుగా పనిచేసెను. రష్యా దేశపు గోర్కీయు బాల్యమున వోల్గా నదిపై తిరుగు ఓడలో గిన్నెలు కడిగినవాడే; అచటి వంటవాడే ఆయనకు పుస్తకములమీద ఆసక్తి కలిగించెను. ఇద్దరి జీవితములకును ఇంత పోలిక యుండుట వింతయే. అయితే గోర్కీ ఎరుగని బాధ యొకటి ఆళ్వారుస్వామికి కలదు. నిజాము రాష్ట్రమున తెలుగు పిల్లవానికి ఉన్నత పాఠశాలలో తన భాషలో చదువు లేదు, ఉర్దూయే బోధనాభాష. ఇంటి భాష గ్రంథముల భాషగా కూడ ఉండగలదని అతడు తనంతట తానే కనుగొనవలసివచ్చెను.

కథావస్తువు మాత్రము అడుగకయే ఆయనకు లభించెను. గడీలోని దొర, దొరకు వంతపాడు పటేలు పట్వారీలు, కూలి లేక గడీకి నీళ్ళు మోయువారు, బట్టలుతుకువారు, బండ్లు కట్టువారు: వెట్టి యనునది ఆయన చుట్టునున్న పల్లెలన్నింటను నిత్యకృత్యమై యుండెను. పరుల యిండ్లలో పనిచేసి పెరిగినవాని కన్ను వీనిని వేరుగా చూచును. యజమాని కోపము ముందు ఏ కుండపై పడునో, ఏ మనిషిపై పడునో వంటయింటిలో నున్నవాడు ఎరుగును.

ముప్పదులలో ఆయన హైదరాబాదు చేరి, సురవరం ప్రతాపరెడ్డి 1926లో స్థాపించిన గోలకొండ పత్రికలో ప్రూఫురీడరుగా ప్రవేశించెను. ఈ ఉద్యోగమును జీవితచరిత్రకారులు ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. అది న్యాయము కాదు. ప్రూఫులు దిద్దువాడు వాక్యమును మూడుమారులు చదువును: అక్షరముకొరకు ఒకమారు, పదముకొరకు ఒకమారు, అర్థముకొరకు ఒకమారు. ఎచట మాట ఎక్కువైనదో, ఎచట వాక్యము కుంటుచున్నదో అతనికి తెలియకపోదు. కళాశాల మెట్టెక్కని మనుష్యునికి ఆ మసిపూసిన కాగితపు పట్టీలే పట్టభద్రుల తరగతి యాయెను.

1938లో ఆయన సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించెను. మూలధనము లేదు. చందాదారులను చేర్చుకొనుట, పుస్తకము అచ్చువేయుట, దానిని తానే మోసికొని ఇంటింటికి పోయి అమ్ముట, వచ్చిన సొమ్ముతో మరియొక పుస్తకము తలపెట్టుట, ఇదియే ఆయన వ్యాపారపద్ధతి. ఆ విధముగా ముప్పదికి పైగా గ్రంథములు వెలువడెను. అనుమతి లేక సభ జరుపుట గస్తీ నిశాన్ 53 అను ఉత్తరువు క్రింద నేరమైన ఆ రోజులలో గ్రంథాలయమును సైతము ప్రభుత్వము అనుమానముతో చూచెడిది. అట్టిచోట పుస్తకముల మూట మోసికొని తిరుగుట రాజకీయమే. నవలాకారునకు దీనివలన కలిగిన లాభము వేరు. ఏ మాట చెప్పిన చదువరి తలుపు తెరచునో, ఏ పుస్తకమును అటునిటు త్రిప్పి తిరిగి యిచ్చివేయునో ఆయన స్వయముగా చూచెను. తన నవలకు చదువరులను ఆయన నవల పుట్టకముందే సంపాదించుకొనెను.

ఆంధ్రమహాసభలోను, కార్మిక సంఘములలోను పనిచేయుచున్నవానికి తీరిక యెక్కడిది? దానిని ప్రభుత్వమే ఇచ్చెను. 1942లో క్విట్ ఇండియా ఉద్యమ సందర్భమున ఒకమారు, కమ్యూనిస్టుగా మరియొకమారు ఆయన కారాగారమున నుండెను. తుదకు 1951లో విడుదల యాయెను. నిజామాబాదు జైలులో ఆయనకు తోడుగా యువకవి దాశరథి కృష్ణమాచార్య యుండెను. దాశరథి నేటి మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరువాడు. కాగితము దొరకని ఆ చోట ఆయన బొగ్గుతో గోడలమీద పద్యములు వ్రాసెను. తరువాత తన అగ్నిధారను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చెను. ఆళ్వారుస్వామి దృష్టి గోడలకంటె తోటి ఖైదీలమీద ఎక్కువగా నిలిచెను. దొంగ ఏల దొంగయ్యెను, హంతకుని చేయి మొదట ఎప్పుడు లేచెను అని వారి నడిగి తెలిసికొన్న వృత్తాంతములు జైలులోపల అను కథలసంపుటి యాయెను. చిన్న కథలో ఒక్కొక్క మనిషిని నిలువబెట్టుట నేర్చిన పిమ్మటనే నవలలో ఊరినంతను నిలువబెట్టుట సాధ్యము.

ఆ ఊరు దిమ్మెగూడెము. ప్రజల మనిషి నవలలో దొర రామభూపాలరావు ఆ ఊరిని ఏలుచుండును. కంఠీరవుడు అతనిని ఎదిరించును. వెట్టి, భూముల అపహరణము, మతాంతరీకరణము, గ్రంథాలయోద్యమము, అన్నియు అందు కలవు. లోపములును కలవు. కొన్ని తావుల పాత్రలు మాటలాడుట మాని ఉపన్యసింపసాగును. కథ నిలిచిపోయి సభ ప్రారంభమగును. కాని గడీ వాకిటి దృశ్యములలో ఒక్క మాటయు అరువు తెచ్చినది కాదు. తెలంగాణమును చూడనివాడు సైతము వానిని చదివి అచటి భయమును గుర్తింపగలడు.

ఆయన సంకల్పము ఒక్క నవలతో తీరునది కాదు. తెలంగాణ ప్రజోద్యమ చరిత్రను దశలవారీగా నవలలలో చెప్పవలెనని ఆయన యెంచెను. రెండవదియైన గంగు నలుబదులలోనికి కథను నడపినది. తరువాతి ఘట్టము జనగామ నేలమీద జరిగినది. అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. అనగా ఆయన స్వంత జిల్లాయే. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలియాయెను. అచటినుండి రగిలిన సాయుధపోరాట కాలములో చాలభాగము ఆళ్వారుస్వామి జైలుగోడల లోపల గడపెను. బయటికి వచ్చిన పిమ్మట గ్రంథమాల, సంఘములు, మిత్రుల పనులు ఆయన దినములను పంచుకొనెను. జైలు ఇచ్చిన తీరికను స్వేచ్ఛ ఈయలేదు. గంగు పూర్తి కాకముందే, 1961 ఫిబ్రవరి 5న ఆయన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు నలువదియైదు. అసంపూర్ణముగనే ఆ నవల 1965లో అచ్చయ్యెను.

విడిచిన పనిని అందుకొన్నవాడు మరల చిన్నగూడూరునుండియే వచ్చెను. కృష్ణమాచార్య తమ్ముడు దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్ళులో గడీల కాలమును, మోదుగుపూలులో సాయుధపోరాటమును, జనపదములో పోలీసుచర్య తరువాతి కాలమును చిత్రించి, ఆళ్వారుస్వామి తలపెట్టిన వరుసను ముందునకు నడపెను.