సీపీ/ఎమ్‌కు చివరి నమస్కారం

2024 జూన్‌లో జైలాగ్ కంపెనీ విడి జెడ్80 ప్రాసెసర్లకు ఆఖరి ఆర్డర్లు తీసుకుంది. ఆ వార్త చదివితే నాకు చిప్ కన్నా దాని మీద నడిచిన సీపీ/ఎమ్ ఎక్కువగా గుర్తొచ్చింది. ఆ ఆపరేటింగ్ సిస్టమ్ ఎప్పుడో వెళ్ళిపోయింది. దానికి దక్కాల్సిన గౌరవమే ఇంకా బాకీ ఉంది.

1974లో కాలిఫోర్నియాలోని పసిఫిక్ గ్రోవ్‌లో గ్యారీ కిల్డాల్ దాన్ని రాశారు. అప్పటికి ఆయన మాంటెరీలో నౌకాదళ అధికారులకు పాఠాలు చెప్పే అధ్యాపకుడు. ఇంటెల్ 8080 చిప్‌తో ఎనిమిది అంగుళాల ఫ్లాపీని నడిపించాలన్నది ఆయన పట్టుదల. అసలు గొప్ప పని ఆ తర్వాత చేశారు. ఆ రోజుల్లో ఏ ఇద్దరి కంప్యూటర్లూ ఒకలా ఉండేవి కావు. కీబోర్డు వేరు, తెర వేరు, డిస్కు వేరు. యంత్రాన్ని బట్టి మారే భాగాన్నంతా ఆయన విడదీసి, బయాస్ అని పేరు పెట్టారు. 2.2 వెర్షన్‌లో దాని మొదట్లో ఉండేవి 17 జంప్ ఆదేశాలు: ఒక అక్షరం తీసుకో, ఒక అక్షరం చూపించు, ఫలానా ట్రాక్‌కు వెళ్ళు, ఆ సెక్టార్ చదువు. ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని సొంతంగా కంప్యూటర్ కట్టుకున్నవాళ్ళు వీటిని తమ యంత్రానికి తగ్గట్టు రాసుకునేవారు. మిగతా సిస్టమ్ జోలికి వెళ్ళే పనే లేదు. వర్డ్‌స్టార్, డీబేస్ లాంటి ప్రోగ్రాములు వాళ్ళ బల్ల మీదా నడిచేవి.

64 కేబీ మెమరీలో అన్నీ సర్దుకోవాలి. ఫ్లాపీ మార్చాక కంట్రోల్-సి నొక్కడం మరిస్తే, ఫైల్ రాయబోయేసరికి, సీపీ/ఎమ్‌లో ఫైళ్ళ పని చూసే బీడాస్ నుంచి ఎర్రర్ ఎదురయ్యేది. ఆ చిరాకును నేను తక్కువ చేయను. కానీ ఆ ఎర్రర్ ఎందుకొచ్చిందో వాడేవాళ్ళు చివరిదాకా తవ్వి తెలుసుకోగలిగేవారు. ఒక మనిషి బుర్రకు పూర్తిగా పట్టేంత చిన్న సిస్టమ్ అది. నేటి కంప్యూటర్లలో నాకు వెలితిగా తోచేది అదే.

1981లో ఐబీఎమ్ పీసీ వచ్చింది. దాని మీద పీసీ-డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 40 డాలర్లు, సీపీ/ఎమ్-86 ఏమో 240. పోటీ అక్కడే తేలిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఐబీఎమ్ వాళ్ళు ఇంటికొస్తే కిల్డాల్ విమానం నడుపుకుంటూ వెళ్ళిపోయి అదృష్టాన్ని జారవిడుచుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పేరెత్తితే ముందు ఆ కథే రావడం అన్యాయం. ఆయన ముద్ర మన కంప్యూటర్లలో ఇంకా ఉంది: డ్రైవ్‌లకు ఎ, బి, సి అనే పేర్లు సీపీ/ఎమ్ నుంచే డాస్‌కు, అక్కడి నుంచి విండోస్‌కు చేరాయి.

కిల్డాల్ 1994లో, 52 ఏళ్ళకే కన్నుమూశారు. 2014లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం సీపీ/ఎమ్ తొలి వెర్షన్ల సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. 2022లో హక్కుల చిక్కూ వీడింది. ఇవాళ ఎవరైనా ఆ కోడ్ తీసుకుని చదవొచ్చు, మార్చొచ్చు, పదిమందికీ పంచొచ్చు.