మీసముల తల్లి

బిడ్డలను లాలించు తల్లికి మీసములుండునా? గుజరాతు ప్రజలు మాత్రము గుబురు మీసములు గల ఒక ఉపాధ్యాయుని ‘మీసముల తల్లి’ యని ప్రేమతో పిలిచిరి. ఆ మహనీయుడే గిజుభాయి బధేకా.

ఆయన 1885వ సంవత్సరము నవంబరు 15వ తేదీన సౌరాష్ట్రములోని చితల్ గ్రామమున జన్మించెను. అసలు పేరు గిరిజాశంకరుడు. యౌవనమున జీవనోపాధికై తూర్పు ఆఫ్రికాకు వెళ్లి, తిరిగివచ్చి, న్యాయశాస్త్రము చదివి వకీలయ్యెను. 1913లో ఆయనకు కుమారుడు కలిగెను. ఆ బిడ్డకు ఎట్టి చదువు చెప్పింపవలెనను చింత ఆయన జీవితమార్గమునే మార్చివేసెను. నాటి బడులలో బెత్తమును వల్లెవేతయు రాజ్యమేలుచుండెను. అట్టి బడికి బిడ్డను పంపుటకు తండ్రి మనసొప్పలేదు. ఇటలీ దేశపు విదుషీమణి మాంటిసోరి రచనలు ఆయనకు క్రొత్త వెలుగు చూపినవి. 1916లో గిజుభాయి వకీలు వృత్తిని విడిచి, భావనగరమున నానాభాయి భట్టు స్థాపించిన దక్షిణామూర్తి విద్యాసంస్థలో చేరెను. 1920లో అచ్చటనే బాలమందిరమును నెలకొల్పెను.

బాలమందిరమైతే వెలసినది గాని, అందలి బాలురు ఆనందముతో చదువదగిన పుస్తకములు గుజరాతీ భాషలో మిక్కిలి అరుదుగా నుండెను. గిజుభాయి ఆ లోటు తీర్చుటకు పూనుకొనెను. జానపద కథలను సేకరించి, బాలుర నోటికి ఇంపైన మాటలలో వ్రాసెను. కథల నెన్నుకొను విధమును గూర్చి పెద్దలకొక శాస్త్రగ్రంథమునే రచించెను. ఏ వయస్సునకు తగిన కథ ఆ వయస్సునకు చెప్పవలెననియు, నీతిబోధకంటె ముందు ఆనందము కలుగవలెననియు ఆయన మతము.

1930వ దశకము తొలినాళ్లలో వెలువడిన ‘దివాస్వప్న’ ఆయన రచనలలో ప్రసిద్ధమైనది. దివాస్వప్నమనగా పగటికల. తెలుగులోనికి కూడ అనువదింపబడిన ఈ కల్పితకథలో ఒక ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిని ఒక యేడు తన పద్ధతిని నడుపుటకు అనుమతి పొందును. తరగతిలో అందఱును ఒకే పాఠ్యపుస్తకమును కొనుటకు మారుగా, ఆ సొమ్ముతోనే వేర్వేరు పుస్తకములు కొనిపించి, తరగతికొక చిన్న గ్రంథాలయము నేర్పఱచును. ఒక్క పుస్తకమునకు తగిన వెల యిచ్చిన బాలునకు పెక్కు పుస్తకములు చదువు భాగ్యము కలుగును. పాఠములు వెనుకబడునని తోడి ఉపాధ్యాయులు ఆక్షేపింతురు, కొందఱు పరిహసింతురు. అయినను ఆతడు వెనుదీయడు. సంవత్సరాంతమున ఆ బాలురు తమంతట తామే చదువుటకు అలవడియుందురు.

గిజుభాయి 1939 జూన్ 23వ తేదీన, ఏబదినాలుగేండ్లయిన నిండకమునుపే కీర్తిశేషుడయ్యెను.

విద్యార్థులారా! మీ బడి బీరువాలో ఎన్ని విధముల పుస్తకములున్నవో చూడుడు. ఒక మాఱు కథను, ఒక మాఱు యాత్రను, ఒక మాఱు ప్రకృతిశాస్త్రమును ఎన్నుకొనుడు. చదివినదానిని చెలికానికిండు, ఆతడు చదివినదానిని మీరడిగి పుచ్చుకొనుడు. గిజుభాయి కన్న పగటికల అప్పుడు మీ తరగతిలోనే నిజమగును.