మద్దెల పట్టిన చేయి – అల్లమప్రభువు

అనుభవమంటపమున శూన్యసింహాసనమును అధిష్ఠించిన అల్లమప్రభుదేవుని పేరెరుగని వీరశైవ గృహముండదు. ఆ మహనీయుడు తొలుత గుడిలో మద్దెల వాయించి జీవించినవాడను సంగతి మాత్రము మన పిల్లలలో పెక్కుమందికి తెలియదు.

మద్దెల పుట్టుకను గూర్చి నాట్యశాస్త్రమున ఒక ముచ్చటైన కథ కలదు. స్వాతి యను ముని నీటికై కొలనునకు పోగా వాన కురిసెనట. పెద్దవి, చిన్నవి, నడితరపువి అయిన తామరాకులపై పడిన చినుకులు వేర్వేరు ధ్వనులు చేసెను. ముని ఆ నాదమును మనసున నిలుపుకొని ఆశ్రమమునకు వచ్చి, విశ్వకర్మ తోడ్పాటుతో పుష్కరవాద్యములను కల్పించెను. తొలిచిన కొయ్యకు ఇరువైపుల తోలు మూసి, వారులతో బిగించిన మృదంగము, మద్దెల ఆ కుదురునకు చెందినవే. శివతాండవమునకు నందీశ్వరుడు మద్దెల వాయించెనని మన పెద్దలు చెప్పుదురు. నాకు వానచినుకుల కథయే ఇష్టము. చెవియొగ్గి విన్నవానికే ఆ వాద్యము దక్కినది.

అల్లముడు 12వ శతాబ్దమున కన్నడసీమలోని బళ్ళిగావెలో జన్మించెను. తండ్రి ఆలయ నాట్యబృందమునకు పెద్ద. హరిహరకవి రగళె ప్రకారము, అల్లముడు కమలత యను యువతిని ప్రేమించి పెండ్లాడెను. కొలది కాలమునకే జ్వరము సోకి ఆమె కన్నుమూసెను. దుఃఖముతో మతిచలించి తిరుగుచు ఒక తోటలో కూర్చుండి కాలిగోట నేలను గీయుచుండగా, పూడిపోయిన గుడి యొక్క కలశము బయటపడెను. త్రవ్వించి లోనికి పోగా, అనిమిషయ్య యను యోగి చేత లింగమును ధరించి రెప్పవేయక కూర్చుండెను. ఆ లింగము అల్లముని చేతికి వచ్చెను. నాటివరకు మద్దెల పట్టిన చేయి అది.

15వ శతాబ్దమున ప్రౌఢదేవరాయల కాలపు చామరసకవి ప్రభులింగలీలెలో ఈ కథ వేరుగా నడచినది. అందు ప్రభువు శివాంశము. బనవాసి రాజపుత్రిక మాయాదేవి ఆటకు మద్దెల వాయించి, ఆమెకు లోబడక వెడలిపోవును. దీనిని పిడుపర్తి కవులు తెలుగునకు తెచ్చుటచే మనలో ఈ కథయే ప్రచారమొందినది. భార్యను పోగొట్టుకొని ఏడ్చిన వాద్యకాడనుట కొందరికి రుచింపదు. మహిమకు అది కొరత యని వారి భావము కాబోలు. నా మట్టుకు హరిహరుని అల్లముడే దగ్గరివాడు. మాయకు లోబడనివాడు మాయను గెలిచెననుటలో వింత ఏమున్నది?

పిదప ఆతడు దేశాటనము చేసెను. సొన్నలిగెలో చెరువులు త్రవ్వించుచున్న సిద్ధరాముని మనసు మార్చి కల్యాణమునకు తోడ్కొనిపోయెను. బిజ్జలుని భండారి, బ్రాహ్మణకులసంజాతుడైన బసవన్న, ఈ మద్దెలకానిని గురుస్థానమున కూర్చుండబెట్టి నమస్కరించెను. కల్యాణము మనకు పరాయిది కాదు. నల్గొండ, పాలమూరు సీమలను ఏలిన కందూరు చోడులు కల్యాణ చాళుక్యులకు సామంతులే. వారి రాజధాని పానగల్లు. అచటి పచ్చల సోమేశ్వరాలయమున నర్తకుల సరసన వాద్యకారులను కూడ శిల్పి చెక్కియుంచెను. అట్టి సీమలో నేడు కొడుకు మద్దెల నేర్చుకొందునన్న, అది మన పని కాదని గదమాయించు తండ్రులున్నారు. కాయకమున హెచ్చుతగ్గులు లేవని ప్రతి సభయందు చెప్పువారును వారే!

గుహేశ్వరాంకితముతో అల్లముడు పలికిన వచనములు వేయికి పైగా లభించుచున్నవి. 15వ శతాబ్దమున శూన్యసంపాదనె యను గ్రంథము ఆయన సంవాదములనే కేంద్రముగా చేసికొని వెలసినది.

తుదకు ప్రభువు శ్రీశైలప్రాంతమున కదళీవనమునందు లింగైక్యమందెను. ఆ కొండకు ఉత్తరద్వారము మన నల్లమలలోని ఉమామహేశ్వరము. పాలకురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్ర పర్వతప్రకరణమున, శివరాత్రికి శ్రీశైలము చేరు భక్తుల ఆటలను, పాటలను, వారు మ్రోయించు వాద్యములను పేరుపేరున వర్ణించెను.