కొత్వాలు వెంకటరామారెడ్డిగారి విద్యార్థి దాసోహము

రుద్రవరమునుండి గాని, ఆళ్లగడ్డనుండి గాని ఒక పిల్లవాడు పెద్దచదువునకై పట్టణము పోవలసివచ్చినప్పుడు తండ్రి మొదట విచారించునది కళాశాల ఎట్టిదని కాదు; పిల్లవాడు ఎక్కడ ఉండును, ఎక్కడ తినును అని. సీటు మార్కులవలన వచ్చును. గది అట్లు రాదు. తెలిసినవారి ఇల్లున్నచో కొన్నాళ్లు మొగమాటముతో గడచును. లేనిచో అద్దె, బయానా, భోజనపు ఖర్చు కలిసి ఫీజును మించును. నల్లమల అంచున నివసించువారికి ఈ చింత కొత్తది కాదు. నూరేండ్లకు పూర్వము దీనిని తన చింతగా చేసికొన్న ఒక పోలీసు అధికారి జీవితమును శరణబంధువులు తెలిసికొనదగును.

రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారు 1869 ఆగస్టు 22న వనపర్తి సంస్థాన ప్రాంతమందలి రాయిణిపేటలో జన్మించిరి. పసితనముననే తల్లి గతించెను. బంధువుల ఆదరమున పెరిగి, ఉర్దూ పారసీలు నేర్చి, యౌవనారంభమున నిజాము పోలీసుశాఖలో అమీనుగా ప్రవేశించిరి. చాలకాలము జిల్లాలలో పనిచేసిరి. పల్లెటూళ్లలో తెలివిగల పిల్లలు చదువు మధ్యలో మానివేయుట వారు కన్నులార చూచియుందురు.

1918లో హైదరాబాదున రెండు విద్యాసంస్థలు వెలసినవి. ఒకటి ఏడవ నిజాము పేర స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము. రెండవది రెడ్డి హాస్టలు. మొదటిదానిని గూర్చి లోకమంతయు చెప్పుకొనును. కాని రెండవదానివంటిది లేకున్నచో మొదటిదానివలన పల్లెటూరి తెలుగు బాలునకు ఏమి ప్రయోజనము? అక్కడ బోధనాభాష ఉర్దూ. నగరపు వీథులు కొత్త, మాట కొత్త, తిండి కొత్త. 1919లో తరగతులు మొదలైనప్పుడు విశ్వవిద్యాలయమే గన్‌ఫౌండ్రీ ప్రాంతమున అద్దెయిండ్లలో నడచెను. ఆర్ట్స్ కళాశాల మహాసౌధము తెరువబడినది 1939లో. విద్యాలయమునకే సొంతయిల్లు లేని దినములలో విద్యార్థికి ఇల్లెక్కడిది?

అప్పటికి వెంకటరామారెడ్డిగారు ఇంకను కొత్వాలు కాలేదు. సంస్థానాధీశులను, దేశముఖులను, కలిగిన గృహస్థులను కదలించి, విరాళములు కూర్చి హాస్టలును నిలబెట్టిరి. 1920లో హైదరాబాదు నగర కొత్వాలు పదవి వారిని వరించెను. ఆసఫ్‌జాహీల కాలమున ఆ పదవినందిన తొలి హిందువు వారేయని ప్రసిద్ధి. 1934 వరకు, పదునాలుగేండ్లు, నగర రక్షణభారమును మోసియు హాస్టలును మరువలేదు. ఉద్యోగము పెద్దదైనకొద్దీ ధర్మకార్యము పలుచబడుట మనము చూచుచున్న లోకరీతి. వారియందు అది తారుమారైనది.

ఇల్లు కట్టినంతమాత్రమున హాస్టలు కాదు, దానికి పెద్దదిక్కు కావలెను. 1924లో ఆ బాధ్యతకు సురవరం ప్రతాపరెడ్డిగారు వచ్చిరి. ఆయన మనకు పరాయివారు కారు. తుంగభద్రకు ఆవలియొడ్డు సీమలో పుట్టి, మన కర్నూలున చదివి, పిమ్మట మద్రాసులో పట్టభద్రులైనవారు. పరాయి పట్టణమున చదువుకొనుటలోని కష్టము అనుభవముచే ఎరిగినవారు. ఇంచుమించు పదేండ్లు హాస్టలును చూచిరి. ఆ కాలముననే, 1926లో, గోలకొండ పత్రికను ప్రారంభించిరి. విద్యార్థికి గదితోపాటు తెలుగు గాలియు దొరకినది.

ఇక్కడ ఒక సంశయము. బసవేశ్వరుడు బిజ్జలుని భండారియైయుండి కల్యాణమున తన ఇంటి వాకిలిని శరణులందరకు తెరచినవాడు, కులము అడుగలేదు. ఆ కల్యాణము నిజాము ఏలుబడిలోని బీదరు సీమలోనిదే. అట్టి నేలపై ఒక కులము పేర వసతిగృహమేల యని ఎవరైన అడిగిన, అడుగవలసిన ప్రశ్నయే. అయితే మనవారును అదే దారి పట్టిరి. గుబ్బి తోటదప్పగారు బెంగుళూరు రైలుస్టేషను చెంత 1903లో ధర్మసత్రము నెలకొల్పి, వీరశైవ విద్యార్థులకు ఉచిత వసతి కల్పించిరి. దాతకు తనవారు ముందు కనబడుదురు. నా దృష్టిలో అది దోషము కాదు, కొరతయే. ఆ కొరతను తీర్చుట లోపల పెరిగినవారి వంతు.

రెడ్డి హాస్టలులో ఉండి చదివిన రావి నారాయణరెడ్డిగారి చరిత్ర చూడుడు. ఆయన హరిజన సేవక సంఘమున పనిచేసి, హరిజన బాలుర వసతిగృహములకై శ్రమించిరి. ఆపై నిజాము ప్రభుత్వముపైననే తిరుగబడిన తెలంగాణ రైతాంగపోరాటమునకు నాయకులైరి. నిజాము కొత్వాలు పెట్టిన అన్నము తిన్న చేయి అది! వెంకటరామారెడ్డిగారు కడవరకు ప్రభుభక్తులు. ఈ ఫలమును వారు కోరియుండరు.

1948లో నిజాము ప్రభుత్వము అంతరించెను. 1952 ఎన్నికలలో నారాయణరెడ్డిగారు నల్లగొండనుండి లోక్‌సభకును, ప్రతాపరెడ్డిగారు వనపర్తినుండి శాసనసభకును ఎన్నికైరి. వెంకటరామారెడ్డిగారు 1953 జనవరి 25న, తమ 84వ యేట, దివంగతులైరి. అదే సంవత్సరము ఆగస్టు 25న ప్రతాపరెడ్డిగారును కన్నుమూసిరి. కొత్వాలుగారి జీవితచరిత్రను గ్రంథస్థము చేసినది ఆయనయే.