డాక్టరు లారీ: అఫ్జల్‌గంజ్ ప్రయోగములు

హైదరాబాదు పాతనగరము నుండి నయాపూలు మీదుగా మూసీని దాటినంతనే అఫ్జల్‌గంజ్ వచ్చును. నేడు ఉస్మానియా వైద్యశాల భవనమున్న ఆ తీరముననే పూర్వము అఫ్జల్‌గంజ్ వైద్యశాల యుండెడిది. 1908వ సంవత్సరపు వరద దానిని రూపుమాపినది. అంతకు ఇరువదేండ్ల ముందు ఇంగ్లండు వైద్యుల దృష్టిని ఈ నగరమువైపు మరల్చినవాడు, ఆ వైద్యశాలాధికారి డాక్టరు ఎడ్వర్డు లారీ.

లారీ 1846లో జన్మించెను. ఎడింబరోలో సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్సు సైమునకు శిష్యుడయ్యెను. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, లాహోరులో శస్త్రవైద్యమును బోధించి, 1885లో రెసిడెన్సీ సర్జనుగా హైదరాబాదునకు వచ్చెను. ఇచ్చటి వైద్యపాఠశాల భారమును గూడ ఆయనయే వహించెను. మత్తుమందు నిచ్చు విద్యలో పిమ్మట పేరుగాంచిన రూపాబాయి ఫర్దూన్జీ ఆ పాఠశాల విద్యార్థినియే.

ఆ కాలమున వైద్యులను కలవరపెట్టిన ప్రశ్న యొకటి కలదు. 1847లో సింప్సను వాడుకలోనికి తెచ్చిన క్లోరోఫారము శస్త్రచికిత్సలోని బాధను తొలగించెను. కాని మరుసటి సంవత్సరమే హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయు స్వల్పచికిత్సకై దానిని పీల్చి మరణించెను. అట్టి మరణములకు కారణమేమి? గుండె హఠాత్తుగా నిలిచిపోవుటయే యని లండనులో పలువురు తలంచిరి. ముందు శ్వాస ఆగి, ఆ పిమ్మటనే గుండె ఆగునని సైము శిష్యులు నమ్మిరి. ఇది కేవలము పండితవాదము కాదు. వైద్యుడు రోగి నాడిని పట్టుకొనవలెనా, శ్వాసను కనిపెట్టవలెనా అను ప్రశ్న దీనిపై ఆధారపడినది. తప్పు సమాధానమునకు మూల్యము రోగి ప్రాణమే.

లారీ వాదముతో తృప్తిచెందక ప్రయోగమునకు పూనుకొనెను. 1888లో మొదటి క్లోరోఫారము కమీషను కుక్కలపై పరీక్షలు జరిపి, శ్వాసయే ముందు ఆగునని తేల్చెను. లండనులోని లాన్సెట్ పత్రిక దానిని శంకించెను. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వేయి పౌనులు ఒసగి, ఆ పత్రిక తన ప్రతినిధినే పంపి పరీక్షింపవలసినదని కోరెను. 1889లో లాడరు బ్రంటను వచ్చెను. ఆయన గుండెకు ప్రమాదము కలదని తలంచినవాడు. ప్రత్యర్థిని పరీక్షకునిగా ఆహ్వానించుట శాస్త్రమర్యాదకు అలంకారము.

రెండవ కమీషను కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిసి 490 జంతువులపై ప్రయోగములు చేసెను. వానిలో 120 జంతువుల రక్తపీడనమును యంత్రముతో గీతలుగా లిఖించి, ఆ గీతలకు ఛాయాచిత్రములు తీసిరి. తుదకు బ్రంటను లారీ పక్షమునకే వచ్చెను.

అయినను సత్యము ఇంకను మిగిలియుండెను. జంతువులకు క్లోరోఫారమును ప్రాణము పోవువరకు ఇచ్చినపుడు, ఆ గాఢమైన మత్తులో శ్వాస ముందాగుట నిజమే. కాని మనుష్యులలో హఠాన్మరణములు పెక్కులు మత్తు తేలికగా నున్నపుడు సంభవించినవి. 1893లో గాస్కెలు, షోరు అను శాస్త్రజ్ఞులు ఈ మందు గుండెను నేరుగా బలహీనపరచునని చూపిరి. 1911లో లెవీ పిల్లులపై ప్రయోగించి, తేలికపాటి మత్తులో గుండె క్రింది గదులు క్రమము తప్పి కంపించుట వలన మరణము కలుగునని నిరూపించెను. అడ్రినలిను ఆ అపాయమును హెచ్చించును. భయమునొందినపుడు దేహము స్రవించు ద్రవ్యమది. గోరు తీయించుకొనుటకు వచ్చిన బాలికకు భయము సహజము. హైదరాబాదు కొలతలలో ఆ భయమునకు చోటు లేదు.

మనస్తత్వ ప్రయోగములు చేయువారికి ఇది గొప్ప పాఠము. కొలత యెంత సూక్ష్మమైనను, పరీక్షించిన పరిస్థితి వేరైనచో, లభించిన సమాధానము వేరొక ప్రశ్నకు చెందును. నిశ్శబ్దమైన గదిలో బాలుని జ్ఞాపకశక్తిని కొలిచి, పరీక్షాభయములో వాడు మరచిపోడని తీర్మానింపరాదు.

లారీ 1901లో ఉద్యోగవిరమణ చేసి, 1915లో మరణించెను. నేటి శస్త్రచికిత్సలలో క్లోరోఫారము లేదు. మత్తులోనున్న రోగి శ్వాసను క్షణక్షణము కనిపెట్టవలెనను ఆయన బోధ మాత్రము నిలిచినది. నాడిని విడువరాదను ప్రత్యర్థుల హెచ్చరికయు దానితోపాటే నిలిచినది.