సోడాబుడ్డి కళ్ళద్దాల గురికాడు

ప్రతి సంవత్సరం ఈ సంచికలో ఒక మహనీయుని జీవితం వేయడం మన వసతిగృహం ఆనవాయితీ. అంబేద్కర్ గారు, ఫూలే గారు, జాషువా గారు ఇదివరకే మన పేజీల్లోకి వచ్చారు. ఈసారి ఎవరిని రాద్దామని పాత బ్యాచ్ వాళ్ళం కూర్చున్నప్పుడు మాలో ఒకడు ఎవరూ ఊహించని పేరు చెప్పాడు. వాడిని హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ మేమంతా సోడాబుడ్డి అనే పిలిచాం. పుస్తకం ముక్కుకు ఆనించి చదివేవాడు. తరువాత ఒక యూనిఫాం ఉద్యోగానికి వెళ్ళి పరుగులో, లాంగ్ జంపులో అందరికన్నా ముందు నిలిచి, చివరికి కంటి పరీక్ష బోర్డు ముందు ఆగిపోయాడు. వాడు చెప్పిన పేరు విల్లిస్ అగస్టస్ లీ. అమెరికా నౌకాదళంలో వైస్ అడ్మిరల్, అంతకుముందు రైఫిల్ షూటింగులో ఛాంపియన్. మనవాడిలాగే ఆయనకూ దూరపుచూపు సరిగా ఆనేది కాదు.

లీ 1888 మే 11న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, ఓవెన్ కౌంటీలోని నాట్లీ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి పేరు కూడా విల్లిస్ అగస్టస్ లీయే. ఆయన ఆ కౌంటీలో జడ్జి. ఆ ప్రాంతపు పిల్లల చేతికి తుపాకీ రావడం మన పల్లెల్లో పిల్లాడి చేతికి ఉండేలు వచ్చినంత మామూలు విషయం. జడ్జిగారబ్బాయికీ అలాగే వచ్చింది. 1904లో, 16 ఏళ్ళ వయసులో, అనాపొలిస్‌లోని నౌకాదళ అకాడమీలో చేరాడు.

ఇక్కడ మేము ఒక్క నిమిషం ఆగుతాం. అదే 1904లో కెంటకీ రాష్ట్రం ఒక చట్టం చేసింది. నల్లజాతి పిల్లలు, తెల్లజాతి పిల్లలు ఒకే బడిలో చదవకూడదని దాని సారాంశం. ఇద్దరినీ కలిపి చదివిస్తున్న బెరియా కాలేజీ ఆ చట్టాన్ని ఎదిరించి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1908లో కోర్టు చట్టం వైపే తీర్పు చెప్పింది. లీ అకాడమీ చదువు పూర్తయింది కూడా 1908లోనే. ఆ అకాడమీ నుంచి ఒక నల్లజాతి విద్యార్థి మొట్టమొదటిసారి పట్టా పుచ్చుకొని బయటికి వచ్చింది 1949లో. ఆయన పేరు వెస్లీ బ్రౌన్. లీ కష్టపడలేదని మేము అనడం లేదు. కానీ ఆ గేటు ఎవరికి తెరిచి ఉందో, ఎవరికి మూసి ఉందో చెప్పకుండా ఆయన కథ ఒక్కటే చెబితే సగం చెప్పినట్టే. గేటు సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు కదా.

అకాడమీలో ఆయనకు చింగ్ అని పేరు పెట్టారు. లీ అనే ఇంటిపేరు చైనావాళ్ళ పేరులా వినపడుతుందని తోటి విద్యార్థుల వేళాకోళం అది. పేరును బట్టి, రంగును బట్టి, ఊరును బట్టి ఇలా పేర్లు తగిలించడం హాస్టళ్ళన్నిటిలోనూ ఉన్నదే. మేమూ చేశాం. తరువాత ఆయన చైనా తీరంలో ఓడల మీద పనిచేయడంతో ఆ పేరు ఇంకా గట్టిగా అతుక్కుంది. ఈ పేరు సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

1907లో ఒహాయో రాష్ట్రంలోని క్యాంప్ పెర్రీలో జాతీయ షూటింగ్ పోటీలు జరిగాయి. ఆ మైదానంలో అవి జరగడం అదే మొదటిసారి. అప్పటికి లీ ఇంకా విద్యార్థే, వయసు 19. ఆ ఏడాది రైఫిల్ ఛాంపియన్‌షిప్పూ, పిస్టల్ ఛాంపియన్‌షిప్పూ రెండూ ఆయనే గెలిచాడు. ఎన్.సి.సి.లో పాయింట్ 22 రైఫిల్ పేల్చిన తమ్ముళ్ళకు దీని విలువ తెలుస్తుంది. రైఫిలు భుజానికి ఆని ఉంటుంది, బోర్లా పడుకుంటే నేల ఆసరా ఉంటుంది. పిస్టలుకు చాచిన చెయ్యి ఒక్కటే ఆధారం. రెండింటికీ శరీరం వేరువేరుగా అలవాటు పడాలి. ఒకే మనిషి ఒకే ఏడు రెండింటిలోనూ దేశంలో మొదటివాడు కావడం చాలా అరుదు.

మరి చూపు మాట? దూరపు వస్తువు సరిగా ఆననివాడు గురి ఎలా కొడతాడని మేమూ అడిగాం. గురి చూసేటప్పుడు కన్ను తుపాకీ కొనమీది గుర్తును స్పష్టంగా పట్టుకోవాలి. దూరపు బోర్డు కొంచెం మసకగా ఉన్నా ఫర్వాలేదు. పైగా కళ్ళద్దాలు ఉండనే ఉన్నాయి. మిగతాదంతా ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గర్ని కుదుపు లేకుండా నొక్కడం, తొందరపడకపోవడం. ఇవి కంటితో చేసే పనులు కావు. నౌకాదళపు కంటి పరీక్షలు గట్టెక్కడానికి ఆయన బోర్డు మీది అక్షరాలు బట్టీ పట్టేవాడని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. ఇది రాయవద్దని మాలో ఒకరిద్దరు అన్నారు, పిల్లలు నేర్చుకుంటారని. మన పిల్లలకు బట్టీ పట్టడం కొత్తగా నేర్పాలా అని మిగతావాళ్ళం రాసేశాం.

1914 ఏప్రిల్‌లో అమెరికా సేనలు మెక్సికోలోని వెరాక్రూజ్ రేవును ఆక్రమించాయి. న్యూ హాంప్‌షైర్ అనే ఓడ నుంచి దిగిన దళంలో లీ ఉన్నాడు. మేడల మీద దాక్కొని కాలుస్తున్న వాళ్ళు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి ఆయన కావాలనే బయట అందరికీ కనపడేలా కూర్చున్నాడనీ, వాళ్ళు పేల్చగానే జాడ పట్టి ముగ్గురిని దూరం నుంచే కొట్టాడనీ చెబుతారు. ధైర్యమే, కాదనం. కానీ అది వాళ్ళ ఊరు. ఆ రేవును కాపాడడానికి నిలబడినవాళ్ళలో అక్కడి నౌకాదళ పాఠశాల కుర్రవాళ్ళు కూడా ఉన్నారు, చనిపోయారు కూడా. ఈ ఘట్టం చదివేటప్పుడు మా మనసు మేడమీదివాళ్ళ వైపే ఎక్కువ మొగ్గింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్కువ కాలం ఇల్లినాయి రాష్ట్రంలో ఆయుధాల తనిఖీ పని చూశాడు. 1919లో మేబెల్ అలెన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకు పిల్లలు లేరు.

1920లో బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో ఒలింపిక్స్ జరిగాయి. యుద్ధం ముగిసి రెండేళ్ళు కూడా కాలేదు. రైఫిల్ పోటీల్లో చాలావరకు బెవర్లో అనే సైనిక శిబిరంలో పెట్టారు. లీ వయసు 32. ఆ ఒక్క ఒలింపిక్స్‌లో ఆయనకు వచ్చిన పతకాలు 7. అందులో బంగారు పతకాలు 5, వెండి 1, కంచు 1. బోర్లా పడుకొని 300 మీటర్లు, 600 మీటర్ల దూరాలకు కాల్చే పోటీలు, 50 మీటర్ల చిన్న రైఫిల్ పోటీ బంగారం తెచ్చాయి. నిలబడి కాల్చే పోటీలో వెండి. పరిగెత్తే జింక బొమ్మను కొట్టే పోటీలో కంచు.

ఈ 7 పతకాలూ జట్టు పోటీల్లో వచ్చినవే. లాయిడ్ స్పూనర్, కార్ల్ ఆస్బర్న్, మోరిస్ ఫిషర్ వంటి మహా షూటర్లు ఆ జట్టులో ఉన్నారు. స్పూనర్‌కు కూడా ఆ ఏడు 7 పతకాలే వచ్చాయి. లీకి వ్యక్తిగత పతకం ఒక్కటీ లేదని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఉండవచ్చు. మాకు మాత్రం అదే నచ్చింది. జట్టు పోటీలో అందరి పాయింట్లూ కలుపుతారు. ఒకడు తడబడితే మిగతావాళ్ళ కష్టమంతా గంగపాలు. అన్నిసార్లు జట్టులో తడబడకుండా నిలబడడం చిన్న విషయం కాదు. ఒకే ఒలింపిక్స్‌లో 7 పతకాలకు మించి ఎవరూ సాధించలేకపోయారు, 60 ఏళ్ళపాటు. 1980లో మాస్కోలో సోవియట్ జిమ్నాస్ట్ అలెగ్జాండర్ దిత్యాతిన్ 8 గెలిచాడు.

తరువాతి 20 ఏళ్ళు పైకి చెప్పుకోదగ్గ ఘటనలు లేనివి. డిస్ట్రాయర్లు నడిపాడు, కాంకర్డ్ అనే క్రూయిజర్‌కు కెప్టెన్ అయ్యాడు, మధ్యమధ్య వాషింగ్టన్ నగరంలో నౌకాదళ శిక్షణ విభాగంలో కుర్చీ ఉద్యోగం. కానీ మా దృష్టిలో ఆయన తయారైంది ఆ కుర్చీలోనే. లెక్కలంటే ఆయనకు ఇష్టం. రాడార్ కొత్తగా వస్తున్న రోజుల్లో, చాలామంది పెద్ద అధికారులు దాన్ని నమ్మని రోజుల్లో, అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో కూర్చొని నేర్చుకున్నాడు. కన్ను మోసం చేస్తుందని చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు కనుక యంత్రపు కన్ను విలువ తొందరగా గ్రహించాడేమో అని మా ఊహ.

ఇక 1942 నవంబరు. పసిఫిక్ సముద్రంలో సోలమన్ దీవుల్లో గ్వాడల్‌కెనాల్ అనే దీవి. అక్కడి విమానాశ్రయం అమెరికన్ల చేతిలో ఉంది. జపాన్ ఓడలు రాత్రిపూట వచ్చి దానిమీద గుండ్లు కురిపిస్తున్నాయి. నవంబరు 13 తెల్లవారుజామున జరిగిన పోరులో ఇద్దరు అమెరికన్ అడ్మిరల్స్ చనిపోయారు. ఇక పంపడానికి మిగిలింది లీ దగ్గరున్న వాషింగ్టన్, సౌత్ డకోటా అనే రెండు పెద్ద యుద్ధనౌకలు, 4 డిస్ట్రాయర్లు. ఆ నాలుగింటినీ ఏరింది వాటిలో ఇంధనం ఎక్కువ ఉందని. అంతకుముందు అవి కలిసి పనిచేసినవి కావు.

14వ తేదీ రాత్రి లీ ఆ ఇరుకు సముద్రంలోకి వచ్చి తాజా వార్తలేమిటని దీవి మీది కేంద్రాన్ని రేడియోలో అడిగాడు. ఆయనకు గుర్తింపు పేరు ఇవ్వలేదు. మీరెవరో మాకు తెలియదని అటునుంచి జవాబు. అప్పుడు ఆయన తన పాత ఎగతాళి పేరు వాడాడు. చింగ్ లీ వచ్చాడని మీ పెద్దాయనకు చెప్పండి అని కబురు పెట్టాడు. దీవిమీది సేనాపతి వాండెగ్రిఫ్ట్‌కు ఆ పేరు తెలుసు. అక్కడ తిరుగుతున్న అమెరికన్ చిన్న పడవలు ఈ పెద్ద ఓడలను చూసి శత్రువులనుకొని టార్పెడోలు వేయబోతుంటే వాటినీ ఆ పేరు చెప్పే ఆపాడు. ఆ పేరు పెట్టి నవ్వినవాళ్ళు ఇలా పనికొస్తుందని కలలో కూడా అనుకొని ఉండరు.

పోరు మొదలైన కొద్ది నిమిషాల్లోనే డిస్ట్రాయర్లు నాలుగూ దెబ్బతిన్నాయి. ప్రెస్టన్, వాక్ మునిగిపోయాయి, బెన్‌హామ్‌ను తరువాత వదిలేయాల్సి వచ్చింది. సౌత్ డకోటాలో కరెంటు పోయింది. తుపాకులు తిరగవు, రాడార్ పనిచేయదు. తగలబడుతున్న ఓడలకు ముందు నుంచి పోవడంతో దాని నల్లటి ఆకారం శత్రువుకు తేలికగా కనపడింది. వాషింగ్టన్ ఆ మంటల వెనకగా, చీకట్లో సాగిపోయింది. నీళ్ళలో ఈదుతున్న నావికులకు తెప్పలు విసిరి ముందుకు వెళ్ళింది.

అప్పుడు వాషింగ్టన్ రాడార్‌లో ఒక పెద్ద ఓడ కనపడింది. గురి కుదిరింది, ఫిరంగులు సిద్ధం. కానీ లీ కాల్చమనలేదు. వాషింగ్టన్ రాడార్‌కు వెనకవైపు కొంత మేర కనపడదు. సౌత్ డకోటా ఆ గుడ్డి మూలలోనే ఎక్కడో తప్పిపోయింది. తెరమీద కనపడుతున్నది శత్రువా, తనవాడా? అటు శత్రువు ముందుగా చూస్తే వాషింగ్టన్‌కూ అదే గతి. అయినా తేలేదాకా ఆగాడు. ఇక్కడ మాకు ఆయనలో షూటర్ కన్నా జడ్జిగారబ్బాయి ఎక్కువ కనిపించాడు.

అర్ధరాత్రి వేళ జపాన్ ఓడలు సౌత్ డకోటా మీద సెర్చిలైట్లు వేసి కాల్చడం మొదలుపెట్టాయి. సౌత్ డకోటా ఎక్కడుందో లీకి తెలిసిపోయింది. అంటే రాడార్‌లో కనపడుతున్నది శత్రువే. వాషింగ్టన్ 7 కిలోమీటర్లకు కొంచెం పైన దూరం నుంచి 16 అంగుళాల ఫిరంగులతో కాల్చింది. ఒక్కో గుండు 1,200 కిలోలకు పైమాటే. కొద్ది నిమిషాల్లోనే జపాన్ యుద్ధనౌక కిరిషిమా కదలలేని స్థితికి వచ్చింది, తెల్లవారకముందే మునిగిపోయింది. వాషింగ్టన్‌కు దాదాపు ఏ నష్టమూ లేదు. ఆ రాత్రి విమానాశ్రయం మీద గుండ్లు పడలేదు. రెండు వైపులా వందలమంది బిడ్డలు ఆ నీళ్ళలోనే ఉండిపోయారు. లీకి నేవీ క్రాస్ అనే పతకం ఇచ్చారు.

1944లో వైస్ అడ్మిరల్ అయి, పసిఫిక్‌లోని యుద్ధనౌకలకు అధిపతి అయ్యాడు. ఆ జూన్‌లో ఫిలిప్పీన్ సముద్రంలో రాత్రి పోరుకు వెళతారా అని అడిగితే ఒద్దన్నాడు. తన ఓడలు కలిసి రాత్రిపూట అభ్యాసం చేయలేదన్నది కారణం. గెలిచినవాడు వెనకాడాడేమిటని కొందరు అన్నారు. 1942లో అభ్యాసం లేని 4 డిస్ట్రాయర్లకు ఏమైందో కళ్ళారా చూసినవాడు మరెలా చెబుతాడు? ఆ అక్టోబరులో లేతే దగ్గర తన పైఅధికారి హాల్సీ ఎరకు చిక్కుతున్నాడని అనుమానించి కబురు పంపాడు. వినలేదు. ఆయన ఓడలు ఉత్తరానికి పోయి, కావలసిన చోట లేకుండా పోయాయి.

1945 వేసవిలో ఆయన్ని మెయిన్ రాష్ట్రంలోని కాస్కో అఖాతానికి పంపారు. ఓడలమీద పడి చచ్చే జపాన్ ఆత్మాహుతి విమానాలను ఎలా ఆపాలో పరిశోధించే పని. ఆ పని పూర్తికాకముందే జపాన్ లొంగుబాటు ప్రకటించింది. ఆగస్టు 25న చిన్న మరపడవలో తన ఓడ వయోమింగ్‌కు వెళుతుండగా గుండెపోటు వచ్చి పడవలోనే చనిపోయాడు. వయసు 57. లొంగుబాటు పత్రం మీద టోక్యో అఖాతంలో సంతకాలు జరిగింది ఆ తరువాత 8 రోజులకు, సెప్టెంబరు 2న. ఆయన్ని ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఖననం చేశారు. 1950లలో ఒక యుద్ధనౌకకు ఆయన పేరు పెట్టారు, 1969లో దాన్ని పని నుంచి తప్పించారు.

ఇది రాసి పూర్తి చేశాక మా సోడాబుడ్డికి చదివి వినిపించాం. అంతా విని, కళ్ళద్దాలు తుడుచుకొని, 600 మీటర్లంటే మన హాస్టల్ గేటు నుంచి ఎందాకా వస్తుందని అడిగాడు. ఈ సంచిక అచ్చుకు ఇచ్చే ముందు మేమంతా వెళ్ళి అడుగులతో కొలిచి వచ్చాం. ఊరి చెరువు గట్టు దాటింది.