సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన ప్రముఖ ఫుట్‌బాల్ శిక్షకుడు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1950ల ఆరంభం నుండి 1962 వరకు పలు ప్రధాన పోటీలలో భారత జాతీయ జట్టుకు శిక్షకునిగా వ్యవహరించాడు. ఇతని శిక్షణలో భారత జట్టు 1951 మరియు 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానంలో నిలిచింది. క్రీడాకారులు, అభిమానులు ఇతనిని రహీం సాబ్ అని పిలిచేవారు. జాతీయ జట్టు శిక్షకుడు, హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షకుడు, హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అనే మూడు బాధ్యతలను ఇతడు ఏకకాలంలో మోశాడు. జట్టు ఎంపికల విషయంలో ఇతని పేరు చర్చకు రావడానికి ఇదే ముఖ్య కారణము.

బాల్యము, ఉపాధ్యాయ వృత్తి

రహీం నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడయ్యాడు. విద్యార్థి దశలో విశ్వవిద్యాలయ జట్టు తరఫున, ఆ తరువాత నగరంలోని స్థానిక జట్ల తరఫున ఆడాడు. చదువు ముగిసిన పిమ్మట కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలైనచోట్ల ఉపాధ్యాయునిగా పనిచేశాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పాఠశాలల క్రీడల బాధ్యత స్వీకరించాడు.

ఆటగానిగా రహీం సాధించినది స్వల్పమే. పిల్లలకు పాఠం చెప్పే అలవాటే తరువాతి కాలంలో అతనికి పెట్టుబడి అయింది. లోపాన్ని గుర్తించడం, ఆ ఒక్క లోపం కోసమే ఒక అభ్యాసాన్ని రూపొందించడం, అది అలవడేవరకు చేయించడం ఇతని పద్ధతి. కుడికాలితో మాత్రమే ఆడే కుర్రవాళ్ళ కోసం బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలసిన పోటీలు పెట్టించాడు. బంతిని తన వద్దనే ఉంచుకొని పరుగెత్తే అలవాటు మాన్పించడానికి డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు నిర్వహింపజేశాడు. అప్పట్లో భారతీయ ఫుట్‌బాల్‌లో వ్యక్తిగత నైపుణ్యానికే చప్పట్లు ఎక్కువ. బంతిని వెంటనే తోటి ఆటగానికి అందించి ఖాళీ స్థలంలోకి పరుగెత్తే ఆటను రహీం ఈ విధంగా చిన్నవయసు నుండే అలవాటు చేయించాడు.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు

1940ల తొలినాళ్ళలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయిన రహీం మరణించేవరకు ఆ బాధ్యతలో ఉన్నాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ సంవత్సరం నుండి 1954 వరకు ఈ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును వరుసగా ఐదు పర్యాయాలు గెలుచుకున్నది. 1950లోనే ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1954, 1957లలోను, ఆంధ్రప్రదేశ్ పోలీసుగా పేరు మారిన తరువాత 1961లోను డ్యూరాండ్ కప్పు మళ్ళీ ఈ జట్టుకే దక్కింది.

ఈ విజయాలను అర్థం చేసుకోవాలంటే ఆనాటి క్లబ్బుల స్థితి తెలియాలి. అప్పటి భారతదేశంలో ఫుట్‌బాల్ వృత్తిగా గుర్తింపు పొందలేదు. పోలీసు, రైల్వే, సైన్యం, కర్మాగారాల జట్లలో చోటు దొరికితే ఉద్యోగం, దానితోపాటు నెల జీతం దొరికేవి. పేద కుటుంబంలోని కుర్రవానికి పోలీసు జట్టు ఎంపిక అంటే ఇంటిల్లిపాదికీ జీవనాధారమన్నమాట. కలకత్తాలో ఉన్నది వేరు వ్యవస్థ. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులకు లక్షలాది అభిమానుల అండ, పత్రికల ప్రచారం, ధనబలం ఉండేవి. హైదరాబాదులో తయారైన మేటి ఆటగాళ్ళు ఒకరి తరువాత ఒకరు కలకత్తాకు తరలిపోవడం 1950లలో పరిపాటి అయింది.

వారిలో తులసీదాస్ బలరాం కథ ప్రసిద్ధము. సికిందరాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన బలరాం ఆట రహీం దృష్టిలో పడింది. రోజూ హైదరాబాదు వచ్చి అభ్యాసం చేయడానికి ఆ కుర్రవాని వద్ద దారిఖర్చులు లేవు. అద్దె సైకిలు కోసం అయ్యే డబ్బును రహీం తన జేబు నుండి ఇచ్చాడు. బలరాం 1956 ఒలింపిక్ జట్టులో స్థానం పొందాడు. మరుసటి సంవత్సరం ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. సైకిలు అద్దె కట్టినది హైదరాబాదు, ఆట చూసి ఆనందించినది కలకత్తా.

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో హైదరాబాదు జట్టు 1949-50, 1950-51 ఫైనళ్ళలో బెంగాల్ చేతిలో ఓడిపోయింది. 1956-57, 1957-58 ఫైనళ్ళలో బొంబాయిని ఓడించి వరుసగా రెండుసార్లు విజేత అయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి హైదరాబాదు రాష్ట్రం పటం నుండి తొలగిపోయినా, ఫుట్‌బాల్ మైదానంలో ఆ పేరు మరికొంత కాలం నిలిచిందని దీనివల్ల తెలుస్తుంది.

జాతీయ జట్టు శిక్షకునిగా

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో భారత జట్టు ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించింది. శైలేన్ మన్నా నాయకుడు. గోలు చేసినది సాహు మేవాలాల్. హైదరాబాదుకు చెందిన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్ ఆ జట్టులో ఉన్నారు.

మరుసటి సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఘోర పరాజయం ఎదురైంది. ఆనాడు మనవారిలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. చలిదేశంలో, తడి పచ్చికపై అది సాధ్యం కాదని తేలిపోయింది. ఆ తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. ఇద్దరు మాత్రమే వెనుక నిలిచే పాత వ్యూహం కూడా యూరప్ జట్ల ముందు నిలవదని రహీం గ్రహించాడు. ముగ్గురు రక్షకుల పద్ధతికి, 1960ల తొలినాళ్ళకు 4-2-4 పద్ధతికి జట్టును మళ్ళించాడు.

1956 మెల్‌బోర్న్ క్రీడలలో హంగరీ తప్పుకోవడంతో భారత్ నేరుగా తరువాతి దశకు చేరింది. ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. ఈ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేసి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా క్రీడాకారునిగా పేరుపొందాడు. సెమీ ఫైనల్లో యుగోస్లావియాపై మొదటి గోలు భారత్‌దే అయినా చివరకు 1-4 తేడాతో ఓటమి తప్పలేదు. కాంస్య పతకం కోసం జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగేళ్ళ క్రితం పది గోల్స్ ఇచ్చిన దేశం పతకానికి ఒక్క ఆట దూరంలో నిలవడం సామాన్యము కాదు.

1960 రోమ్ క్రీడలలో భారత్ కఠినమైన గ్రూపులో పడింది. హంగరీ చేతిలో 1-2తో, పెరూ చేతిలో 1-3తో ఓడి, ఫ్రాన్సుతో 1-1తో సమానంగా నిలిచింది. జట్టు నాయకుడు పి.కె. బెనర్జీ ఫ్రాన్సుపై గోలు చేయగా, మిగిలిన రెండు గోల్స్ బలరాం చేశాడు.

ఎంపికలపై వాదోపవాదాలు

భారత జట్టు ఎంపికపై ఏ ప్రాంతపు అభిమానులకు ఆ ప్రాంతపు లెక్క ఉండేది. ఫుట్‌బాల్‌కు రాజధాని కలకత్తాయేనని, అక్కడి లీగులో నిగ్గుదేలినవారే జాతీయ జట్టుకు అర్హులని బెంగాల్ అభిమానుల వాదన. కలకత్తా క్లబ్బులను ఫైనళ్ళలో ఓడిస్తున్న జట్టుకు తగిన చోటు ఎందుకు ఉండదని హైదరాబాదు అభిమానుల ప్రశ్న. సొంత క్లబ్బు, సొంత సంఘం ఉన్న వ్యక్తి జాతీయ జట్టును నడపడం ఉచితమా అన్న సందేహం న్యాయమైనదే. నేటి నియమాల ప్రకారం చూస్తే ఎవరూ అంగీకరించరు.

అయితే 1962 జకార్తా ఫైనల్లో దిగిన పదకొండుమందిని పరిశీలిస్తే ఈ సందేహానికి ఆధారం దొరకదు. నాయకుడు చునీ గోస్వామి, రక్షకుడు జర్నైల్ సింగ్ మోహన్ బగాన్ వారు. అరుణ్ ఘోష్, ప్రశాంత సిన్హా బెంగాలీలు. చంద్రశేఖరన్ కేరళీయుడు. ఫ్రాంకో గోవాకు చెందినవాడు. హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరాలలో పుట్టినవారు తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్. వీరిలో బలరాం అప్పటికే ఈస్ట్ బెంగాల్ ఆటగాడు. అతనిని ఏ ప్రాంతపు ఖాతాలో వేయాలన్నది అభిమానులు తేల్చుకోవలసిన విషయము.

రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం విషయం మరింత స్పష్టమైనది. హకీం 1960 రోమ్ జట్టులో సభ్యుడు. తండ్రియే శిక్షకుడు. మూడు ఆటలు జరిగినా హకీంకు ఒక్కదానిలోను అవకాశం రాలేదు. 1962 ఆసియా క్రీడల జట్టులో అసలు చోటే దక్కలేదు. హకీం తరువాత అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకునిగా రాణించి, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకొని, 2021లో మరణించాడు.

జకార్తా, 1962

ఈ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఇండోనేషియా రానివ్వలేదు. భారత క్రీడాధికారి జి.డి. సోంధి దీనిని విమర్శించడంతో స్థానికులు భారతీయులపై ఆగ్రహించారు. భారత జట్టు ఆడిన ప్రతిచోట ప్రేక్షకులు వ్యతిరేకంగా కేకలు వేశారు.

తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన భారత్, థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచింది. థాయిలాండ్‌తో ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనుక భాగంలో ఆడే అతడు తలతో బంతిని అడ్డుకోవలసి వస్తుంది. కనుక అతనిని పక్కన పెట్టాలి. రహీం అలా చేయలేదు. అతనిని ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన సెమీ ఫైనల్లో జర్నైల్ ఒక గోలు చేశాడు.

ఫైనల్‌కు ముందు గోల్‌కీపర్ విషయంలో మరొక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. తంగరాజ్ జ్వరంతో ఉండగా అంతకుముందు ఆటలలో ప్రద్యుత్ బర్మన్ గోలు కాపాడాడు. గెలుస్తున్న జట్టును మార్చకూడదన్నది సాధారణ నీతి. గాలిలో బంతిని అందుకోవడానికి పొడగరి కావాలని తలచి రహీం తంగరాజ్‌ను దించాడు. ఓడిపోయి ఉంటే ఈ రెండు నిర్ణయాలకు అతడు జీవితాంతం జవాబు చెప్పుకోవలసి వచ్చేది.

సెప్టెంబరు 4న లక్షమంది ప్రేక్షకుల ముందు ఫైనల్ జరిగింది. పి.కె. బెనర్జీ మొదటి గోలు చేయగా, కొద్ది నిమిషాలకే జర్నైల్ రెండవది చేశాడు. ఆట ముగియబోయే దశలో కొరియా ఒక గోలు తిరిగి ఇచ్చినా భారత్ 2-1తో గెలిచింది.

మరణము, తదనంతరము

జకార్తా నాటికే రహీం ఆరోగ్యం క్షీణించింది. ఊపిరితిత్తుల క్యాన్సరుతో కొన్ని నెలలు మంచం పట్టి, 1963 జూన్ 11న హైదరాబాదులో మరణించాడు. వయసు 53 సంవత్సరాలు. అదే సంవత్సరం పోలీసు జట్టు రోవర్స్ కప్పును మరల గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ సాధించింది. 1970 ఆసియా క్రీడలలో కాంస్య పతకం గెలిచిన భారత జట్టుకు హైదరాబాదీయుడైన సయ్యద్ నయీముద్దీన్ నాయకుడు. ఆ తరం ముగిసిన తరువాత నగరం నుండి ఆటగాళ్ళ రాక క్రమంగా తగ్గింది. పాఠశాలల పోటీలు, సంఘం, పోలీసు ఉద్యోగాలు అనే మూడింటినీ ఒక్క వ్యక్తి కలిపి ఉంచాడు. అవి విడివిడిగా మిగిలినపుడు వాటిని మరల జతపరచినవారు లేరు. మూడు పదవులు ఒకరికే ఉండడంలోని అసలు దోషం ఇక్కడ కనిపిస్తుంది. ఆనాటి అభిమానులు పక్షపాతం కోసం వెదికారు గాని, వారసత్వం లేకపోవడాన్ని గమనించలేదు.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1962 తరువాత భారత్‌కు స్వర్ణం రాలేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మాత్రమే ప్రారంభమైనందున జీవితకాలంలో అది రహీంకు అందే అవకాశం లేకపోయింది. 2024లో విడుదలైన మైదాన్ అనే హిందీ చిత్రంలో అజయ్ దేవగణ్ రహీం పాత్ర ధరించాడు. అందులోని సమాఖ్య సమావేశాల సన్నివేశాలలో కల్పన పాలు ఉన్నది కనుక విద్యార్థులు వాటిని చరిత్రగా తీసుకోరాదు.